నాన్న సాలగ్రామం

నవంబరు 3, సోమవారం

నమ్మకం లేకుండా చేసే పూజ ఎవరికి చేరుతుంది? బి.ఎస్సీ. చదివే రోజుల నుంచీ ఇదే ప్రశ్న... నాన్నను అడగనే లేదు. ఆయన పోయాక సాలగ్రామం నా దగ్గరకు వచ్చింది. తమ్ముడిది బదిలీల ఉద్యోగం. "నీ దగ్గరుంటే నాకు నిశ్చింత అక్కయ్యా." రోజూ అభిషేకం, కాసిని పాలైనా నైవేద్యం. తప్పకూడదు. చేస్తున్నాను — ఓ కన్ను గడియారం మీద ఉంచి.

నవంబరు 4

కాలేజీ మళ్లీ తెరిచారు. గొడవల్లో పోయిన పాఠాలన్నీ ఇప్పుడే చెప్పాలట. మా ఆయన పేపరు మడుస్తూ — "గుడికి ఇచ్చేయరాదూ? తీరిగ్గా చూసుకుంటారు." నొప్పించాలని అనలేదు.

బందరు ఇల్లు. తెల్లవారుజాము. సాన మీద గంధం తీయడం నా వంతు. తీసి, గిన్నె లోపలికి జరిపి, గడప ఇవతలే నిలబడాలి. ఆడపిల్ల ముట్టకూడదు. నాన్న రాగి చెంబు వంచితే నల్లటి రాయి మీద నీళ్లు జారేవి... ఎంత చల్లగా ఉంటుందో అనుకునేదాన్ని.

ఇప్పుడు రోజూ నా అరచేతిలోనే. చల్లగానే ఉంది. గంధమే — డబ్బాలో పొడి.

నవంబరు 5

చిక్కడపల్లి గుడిలో అడిగాను. పూజారి గారు — "నిత్యం నైవేద్యం జరగని ఇంట్లో ఉంచకూడదమ్మా. శుక్రవారం పొద్దున తీసుకురండి."

ఎంత తేలిక.

నవంబరు 6

పొద్దున నైవేద్యం మర్చిపోయాను. బోర్డు మీద ఆకు బొమ్మ గీస్తుంటే గుర్తొచ్చింది. సుద్దముక్క ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి పాలు లేవు. గిన్నెలు తోముతూ యాదమ్మ — "మా పోచమ్మకు ఏడాదికొక్కపారి బోనం పెడితే ఊకుంటది. మీ దేవునికి దినాం ఆకలేనా అమ్మా?"

నవ్వాను. బెల్లంముక్క పెట్టాను. రాయికి ఆకలేమిటి? మరి రోజంతా పిల్లను పస్తు పెట్టి వచ్చినట్టు ఎందుకు ఉంది?

నవంబరు 7, శుక్రవారం

పట్టుగుడ్డలో చుట్టి, బ్యాగులో పెట్టుకుని, అశోక్‌నగర్ నుంచి గుడి దాకా నడిచాను. పూజారి గారు చెయ్యి చాపారు. "ఇటివ్వండమ్మా."

"వచ్చే వారం తెస్తాను" అన్నాను. అనాలనుకోలేదు.

"మీ ఇష్టం. ఆయనకేం తొందర లేదు. మీకే బస్సు టైమైనట్టుంది."

నారాయణగూడలో బస్సు. కిక్కిరిసిపోయింది. బ్యాగు గుండెలకు అదుముకుని నిలబడ్డాను, కోఠి దాకా.

మధ్యాహ్నం స్టాఫ్ రూము. పెరుగన్నం డబ్బా తెరిచి ఆగాను. పొద్దున పాలు పెట్టలేదు — ఇచ్చేస్తున్నాం కదా అని. డబ్బా బ్యాగు పక్కకు జరిపి, మెల్లగా, "తినండి" అన్నాను.

"ఏంది మేడం, బ్యాగుతోని మాట్లాడుతున్నరు?" పక్క కుర్చీలోంచి సుశీల.

తిన్నాను. ఆ పెరుగన్నం...

దేవుణ్ణి తినమన్నానో, నాన్ననో. అది తేలితే గానీ గుడికి ఇవ్వాలో, ఉంచుకోవాలో తేలదు. తేలడం లేదు.