నరహరి కుట్టిన పన్నెండు జాకెట్లు

ఉన్, సూరత్

తమ్ముడు నరహరిని వేములవాడ రాజన్న చల్లగా చూడాలని కోరుతూ అక్క స్వరాజ్యం రాసేది.

నలభై ఒక్క రోజుల దీక్షలో ఉన్నాను. ఫోను ముట్టనని మొక్కు. అందుకే ఈ ఉత్తరం. మా పక్కింటి జమున ఖటోదరాలో నీ మగ్గాల షెడ్డు మీదుగానే కుట్టుపనికి పోతుంది కనుక ఆమె చేతికి ఇస్తున్నాను.

పోయిన నెల తాపీ నదిలో ఇద్దరు మునిగిపోయారు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ పడవ తీయొద్దని అప్పటి నుంచి రూలు. నువ్వూ నీ దోస్తు లింగమూ ఆదివారాలు సరదాకు తిప్పే ఆ చిన్న పడవ కోసం నది మెట్ల దగ్గర, ఘాటు మీద ఉండే పోలీసుతో వాదం పెట్టుకున్నావట. నీకు ఈత రాదు. ఆయనకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

జాకెట్ వేసుకో.

నీ మేలు కోరే అక్క

తా.క.: వేములవాడ విభూతి పంపుతున్నాను. పడవెక్కే ముందు పెట్టుకో.

*

ఖటోదరా

అక్కకు తమ్ముని శనార్తులు.

నేను మగ్గం మీద ఉంటె నీ ఉత్తరం లింగం గట్టిగ చదివి ఇనిపిచ్చిండు. మగ్గాల చప్పుడుల సగమే ఇనవడ్డది. ముప్పై ఏండ్ల సంది గీ చప్పుడులనే ఉన్న, చెవులు పోయినయ్. చెవులల్ల పెట్టుకోను ఇంత దూది ఇయ్యుండ్రని ఏ రూలూ రాలే. మగ్గం షటిల్ ఎగిరొచ్చి మా షెడ్డుల నర్సింగం కన్ను పోతే ఏ పోలీసూ రాలే. వారానికి ఒక్క పూట నీళ్ళ మీద గాలి పీల్చుకుంటె, నా పానం మీద సర్కారుకు గింత పావురం, గింత ప్రేమ ఏంది?

నా పానం నాది. మునిగితే నేనే మునుగుత. ఎవ్వర్నీ అడుగ.

నీ తమ్ముడు నరహరి

తా.క.: విభూతిని లింగం పాలపొడి అనుకొని చాయ్‌ల కలిపిండు. ఇద్దరం తాగినం. దేవుడు కడుపులనే ఉన్నడు, ఇగ జాకెట్ ఎందుకు?

*

ఉన్

చాయ్ తాగిన తమ్మునికి అక్క దీవెనలు.

నీ చెవుల మాట, నర్సింగం కన్ను మాట నిజమే. అక్కడ రూలు రాలేదని ఇక్కడ వచ్చినదాన్ని కాలదన్నాలా?

నీ ప్రాణం నీదే, కాదనను. నువ్వు మునిగితే లింగం ఒడ్డున నిలబడి చూస్తాడా? నిన్ను తీయడానికి దూకేవాని ప్రాణం ఎవరిది? దీనికి జవాబు రాయి.

అక్క

తా.క.: ఈసారి పొట్లం మీద ‘విభూతి’ అని పెద్దగా రాశాను. లింగానికి చూపించు.

*

ఖటోదరా

అక్కకు మళ్ళొక్కసారి శనార్తులు.

జవాబు రాసుడెందుకు, చేసి చూపెట్టిన. రింగ్ రోడ్ బట్టల బజారు నుంచి నారింజ రంగు గుడ్డ తెచ్చి, పడవలున్న దోస్తులకు గూడ కలిపి పన్నెండు జాకెట్లు కుట్టిన. లోపల మన షెడ్డు సరుకే. ఒక్కోదానికి ఆపదల ఊదుకోను ఒక సీటీ గూడ కట్టిన. పోలీసాయన చూసి “బహుత్ అచ్ఛా, నరహరిభాయ్” అన్నడు. రూలు రూలు తీరుగ ఉన్నది, నా పట్టు నా తీరుగ ఉన్నది. సమజైతే నవ్వు, కాకుంటె దేవునికి మొక్కు.

ఇట్లు, మాట ఇన్న తమ్ముడు

తా.క.: లింగం జాకెట్ ఏసుకొనే పంటున్నడు. మెత్తగ పరుపు లెక్క ఉన్నదట.

*

ఉన్

బుద్ధి తెచ్చుకున్న తమ్మునికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం దేవుని ముందు పెట్టాను. భజనలో అందరికీ చెప్పాను.

ఎల్లుండి సద్దుల బతుకమ్మ. ఒడ్డున బురద. పడవలో నది మధ్యకు పోయి బతుకమ్మలను సాగనంపుదామని ఎనిమిది మంది ఆడవాళ్ళం అనుకున్నాం. జాకెట్ల దిగులు నీ వల్ల తీరింది. జమున లింగాన్ని అడిగి ఎనిమిది తెచ్చింది. నా దగ్గర ఉండి చదువుకుంటున్న నీ బిడ్డ సింధూజ కూడా మా ఎనిమిది మందిలోనే ఉంది. దానికీ ఈత రాదు, నీ పోలికే.

సంతోషంగా ఉన్న అక్క

తా.క.: మా భజన మండలి నీకు శాలువా కప్పుతుందట. జాకెట్ మీదనే కప్పించుకో.

*

ఖటోదరా

అక్కా,

శనార్తులకు టైము లేదు. జమున నిన్న పనికి రాలే, నీ ఉత్తరం ఇప్పుడే నా చేతిల పెట్టింది. ఇయ్యాల్నే సద్దుల.

పడవెక్కకుండ్రి. ఆ జాకెట్లల్ల తేలే సరుకు లేదు. మగ్గాల కింద ఊడ్చిన చిందీ ఉన్నది, తెగిన పోగులు, గుడ్డపేలికలు. పోలీసు కండ్లకు కుట్టిన, నీళ్ళకు కాదు. లోపలి సంగతి తెల్వక లింగం జమునకు ఇచ్చిండు. తడిస్తె మనిషిని కిందికి గుంజుతది.

సింధూజ ఫోను ఎత్తుతలేదు. నీది బంద్. ఇంట్ల ఉన్నవేమో అని ఈ చిట్టి ఇచ్చి జమునను తోలుతున్న. నేనూ లింగమూ సీదా ఘాటుకు ఉరుకుతున్నం.

నరహరి

తా.క.: నీకు దండం పెడుత, దీక్ష ఇడిసిపెట్టు, ఫోను పెట్టు. పాపం నాకు రాసుకో.

*

ఉన్

ఆసుపత్రి మంచం మీది తమ్మునికి అక్క దీవెనలు.

లింగం ఎక్కడని వచ్చినవాళ్ళందరినీ అడుగుతున్నావట. నీకు చెవులు సరిగా వినపడవు. వార్డులో అరిచి చెప్పే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

నిన్ను మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం జమునకు ఇచ్చిన సాయంత్రమే ఎనిమిది జాకెట్లూ పసుపునీళ్ళ టబ్బులో వేశాను. మన ఇంట్లో కొత్త బట్ట పసుపునీళ్ళు తాగకుండా ఒంటి మీదికి రాదు కదా. ఎనిమిదీ నీళ్ళు తాగి అడుగున కూర్చున్నాయి. ఒకటి విప్పి చూశాను.

పడవ మానుకున్నాం. మెట్ల మీద నుంచే బతుకమ్మలను వదిలి, పొద్దుండగానే ఇంటికి వచ్చాం. నీ చిట్టి అప్పుడు అందింది.

ఆటుపోటు నీళ్ళు ఆ బతుకమ్మలను నది మధ్యకు తీసుకుపోయాయట. నువ్వు చూసింది వాటినే. పూలున్నాయి, మనుషులు లేరు. మేము మునిగామనుకున్నావు. జాకెట్ లేకుండా, లింగం కోసం ఆగకుండా పడవ తోసుకుపోయి, నిలబడి సింధూజను పిలిచావట. పడవ బోర్లాపడింది. నువ్వు దాని అంచు పట్టుకుని తేలావు.

లింగం నిన్ను చూసి ఒడ్డు నుంచి దూకాడు. ఈత బాగా వచ్చినవాడు. ఘాటు మీద పోలీసు ఉన్నాడని వేసుకున్న నీ జాకెట్‌ను ఆ తొందరలో విప్పలేదు.

పొద్దున దొరికాడు. సీటీ మెడలోనే ఉంది.

జాకెట్ల సంగతి నాకు రెండు రోజుల ముందే తెలుసు. నీ మనసు నొప్పించకుండా ఎట్లా రాయాలా అని కూర్చున్నాను. మరునాడు జమున పనికి పోలేదు. ఫోను దేవుని గూట్లోనే ఉంది. తీసి ఒక్క మాట చెబితే నువ్వు ఘాటుకు పోయేవాడివి కావు. నా దీక్ష చెడలేదు. పాపం నీకు రాయమన్నావు. సగం నాది.

పన్నెండింటిలో ఎనిమిది నా దగ్గర ఉన్నాయి. ఒకటి లింగంతో పోయింది. మిగతా మూడు ఎవరికి ఇచ్చావో ఈ కాగితం వెనక రాయి. రేపు ఆదివారం. వాళ్ళు పడవెక్కక ముందే నేను పోయి తెస్తాను.

అక్క స్వరాజ్యం

తా.క.: విభూతి పంపుతున్నాను. ఈసారి పొట్లం మీద పేరు రాయలేదు. చాయ్‌లో కలిపేవాడు లేడు.