కోసిన వల

ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

తాబేళ్లను ఎలా కాపాడాలో జాలర్లకు నేర్పి రమ్మని ఆఫీసువాళ్లు పంపితే, పొద్దున్నే పోస్టర్ల సంచి పట్టుకుని శ్రీకూర్మం దగ్గరి తీరానికి వెళ్లాను. అప్పటికే అక్కడి జాలరి అప్పన్న మావ మొలలోతు నీళ్లలో నిలబడి వల లాగుతున్నాడు. వల నిండా చేపలు, వాటి మధ్య చిక్కుకున్న పెద్ద తాబేలు. అది కనబడగానే మావ నడుముకున్న కత్తి తీసి, కొత్త వలను బారెడు కోసేశాడు. తాబేలుతో పాటు చేపలన్నీ జారిపోయాయి. ఒడ్డున ఉన్న అతని భార్య సముద్రానికి దండం పెట్టింది. పోయిన చేపల ఊసే ఎత్తలేదు.

"కొత్త వల కదా మావా, కోసీసేవేటి?" అన్నాను.

"మరేటి సెయ్యమంతావు బాబూ? సిక్కులు ఇప్పుతా కూకుంటే ఊపిరాడక సచ్చిపోతాడు. తాబేలంటే మాకు సామి కదా. వలదేటున్నాది, మల్లీ అల్లుకుంతాను."

వల కోసైనా తాబేలును వదిలేయాలి; నా పోస్టర్లో ఉన్నదీ ఆ మాటే. దాన్ని సంచిలోంచి బయటికి తీయలేకపోయాను.

మా పథకంలో పోస్టర్లకు డబ్బుంది, కోసిన వలకు లేదు. ఇలా ఎన్ని వలలు కోసుకుంటాడో...

రిపోర్టు ఇంకా పూర్తి కాలేదు. 'అవగాహన పొందినవారు' అన్న గడిలో నా పేరొక్కటే రాశాను.