వీపు మీద బిడ్డ పాదాలు

1926 నవంబరు 14, డుంబ్రిగుడ
నాలుగు ముద్దలు. వాంతి. నా సుభద్ర కాన్పులో పోయి ఎనిమిది నెలలు. బిడ్డకూ ఎనిమిది నెలలే.

నవంబరు 18
కొండ దిగి డాక్టరుకు చూపించుకున్నాను. పొట్ట నొక్కి, కడుపులో జబ్బేమీ లేదన్నాడు. మరి తిన్నది ఎందుకు నిలవదు? సీసా మందు తెచ్చుకున్నాను.

నవంబరు 21
మందూ నిలవడం లేదు. బిడ్డను సాకే ముసలి బుద్రి నా వీపు తడిమింది. రెక్కల నడుమ ఒకచోట బొటనవేలు ఆనిస్తే ప్రాణం పోయినట్టయింది.
"రోగం కడుపుది కాదు బాబూ, ఎన్నుది. ఇది బిగిస్తే తిన్నది దిగదు."
ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితేనే విడుస్తుందట. ఎవరున్నారని అడిగాను. ఉయ్యాల వైపు చూసింది.

నవంబరు 22
కాలేజీనాటి శరీరశాస్త్రం పుస్తకం తీశాను. వెన్నుపూసల సందుల్లోంచి నరాలు జీర్ణకోశానికి పోతాయి. బొమ్మ ఉంది. తొక్కితే ఏమవుతుందో లేదు.

నవంబరు 25
కాన్పునాడు ముందు పాదాలే వచ్చాయి. తల చిక్కుకుంది. మంత్రసాని బయటికొచ్చి గుమ్మంలో కూలబడింది... ఆ పాదాలను నేను ఇంతవరకూ ముట్టుకోలేదు.

నవంబరు 28
నాకు చెప్పకుండా బుద్రి బిడ్డను సంతకు తీసుకుపోతోంది. మోతకూలీల నడుముల మీద నిలబెడుతోంది. కోప్పడ్డాను.
"నీ గుంట పెద్ద డాక్టరు బాబూ. బెల్లం ముక్కే పీజు."
నవ్వు రాలేదు.

డిసెంబరు 2
కర్ర లేందే లేవలేను. మామగారి ఉత్తరం — తల్లిని మింగిన పిల్లను తమ గడప తొక్కనివ్వరట. నేను పోతే దీనికి బుద్రి. బుద్రి పోతే?

డిసెంబరు 3
బోర్లా పడుకున్నాను. బుద్రి బిడ్డను చంకల కింద పట్టుకుని వీపు మీద నిలబెట్టింది. బరువే లేదు. వెచ్చగా... తర్వాత బుద్రి బొటనవేళ్ళు. ఒక పూస టక్కుమంది.
సాయంత్రం గంజి తాగాను. నిలిచింది.

డిసెంబరు 4
పొద్దున్నే వాంతి. గంజి, పైత్యం, కాస్త నెత్తురు.
"ఒక్కపాలికే దిగిపోద్దేటి? మూడుసార్లు తొక్కాల," అంది బుద్రి. నా ముఖం చూడలేదు.

డిసెంబరు 5
నేనే అడిగాను. చొక్కా విప్పి పడుకున్నాను. బిడ్డ నిలబడలేదు. కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఏడుపు. బుద్రి రెండుసార్లు దించింది, రెండుసార్లూ ముడుచుకుంది. నిద్రొచ్చిందేమో, పడుకుని లేచాక చూద్దామని ఎత్తుకుపోయింది.
నేను లేవలేదు. బోర్లా పడుకునే ఇది రాస్తున్నాను. పక్కగదిలో బిడ్డ ఇంకా ఏడుస్తోంది.