నల్లటేపు చిత్రిక మిషను

కుప్పం,
5-2-2001.

టీవీ ముందర సుఖాసీనుడై ఉండే మా అల్లుడు లోహిత్‌కు మేనమామ శంకరప్ప దీవెనలు.

ఈడ మేమంతా బాగుండాము. మా అక్క సరస్వతమ్మ, అంటే మీ యమ్మ, ఉత్తరం రాసింది. నువ్వు బీయస్సీ పాసై, ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకుంటా, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అయితే పిలిచినా పలక్కుండా ఇంగ్లీషు ఛానెల్లో దొరలు ఇండ్లు బాగుచేసే ప్రోగ్రాం చూస్తాండావంట. మిషను కనపడితే సాలు, పేరు పెట్టి పిలుస్తావంట. ఎవురికైనా చూపించమంటావా అని అడిగింది. ఎవురికీ వద్దు, వాణ్ణి నాకు ఇయ్యి అని రాసినా.

సంగతేమంటే, పుంగనూరులో టమాటా మండీ సుబ్బరాయుడు కొత్త ఇల్లు కట్టినాడు. దారబందాలు నిలబెట్టినారు. తలవాకిలి తలుపు ఒకటి, లోపలివి ఏడు చెయ్యాల. వాళ్ల తాత ఇంటికి మా తాత, వాళ్ల నాయన ఇంటికి మా నాయన తలుపులు చేసినారు. ఇప్పుడు నా వంతు. ఆయన ఏమంటాడంటే, "శంకరప్పా, చేతిపని వద్దప్పా. చేత్తో చిత్రిక పడితే కొయ్యంతా అలలు అలలుగా కనిపిస్తాది. నాకు మిషను పని కావాల. నీకాడ మిషను లేకుంటే చెప్పు, మా ఊర్లోనే జయచంద్ర కార్ఖానా పెట్టుకోనుండాడు." మూడు తరాల వాకిలి జయచంద్ర చేతికి పోతే నేను మళ్లీ పుంగనూరు బస్సు ఎక్కేది ఎట్ల?

అందుకని చిత్రిక మిషను ఒకటి కొంటాండా. బెంగుళూరు అంగళ్లలో నూరు రకాలు ఉంటాయంట. పనోళ్లు వాడేది యాదో, ఊరికే ఇంట్లో పెట్టుకునేది యాదో నాకు తెలీదు. మా కేబులాయన తమిళం, కన్నడం తప్ప ఇంకోటి ఇయ్యడు. కాబట్టి ఆ దొర మేస్త్రీ చేతిలో ఉండే మిషను బాగా సూసి, దాని పేరు రాయి. ఫోను చెయ్యొద్దు. ఎస్టీడీ బూతులో మీటరు తిరగతాంటే నాకు చెవులు వినపడవు.

ఇట్లు,
శంకరప్ప

ఇంకో మాట: ఆ మేస్త్రీకి పెండ్లయిందా అని మీ అత్త శాంతమ్మ అడగమంటాండాది. ఎవురి కోసరమే అంటే, ఊరికేలే అనింది.

———

మదనపల్లె,
12-2-2001.

కుప్పం కొయ్యపని సామ్రాజ్యానికి ఏకైక చక్రవర్తి అయిన శంకరప్ప మామ పాదాల చెంత, బీయస్సీ సెకండు క్లాసు లోహిత్ సవినయంగా సమర్పించుకునే పరిశోధనా నివేదిక.

మామా, నిన్న ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు నోటు పుస్తకం, పెన్సిలు, ఉప్పు వేసిన వేరుశనక్కాయలు వగైరా శాస్త్రీయ పరికరాలతో టీవీ ముందు కూర్చున్నాను. ప్రోగ్రాములో ఇద్దరు ఉంటారు. ఒకాయన ఇంటి యజమాని. ఈయన మిషను తళతళా మెరుస్తూ ఉంటుంది, వైరుకు మడతలు కూడా పోలేదు. దాన్ని పట్టుకునేటప్పుడు పక్కింటివాళ్ల బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. రెండో ఆయన గడ్డపు మేస్త్రీ. ఈయన మిషనుకు పిడి దగ్గర రంగు పోయింది, వైరు రెండు చోట్ల కట్టు కట్టించుకుంది. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఏమిటంటే, దానివైపు చూడకుండానే చేయి చాపి తీసుకుంటాడు. మా నాయన సిగరెట్టు పెట్టె తీసుకున్నట్టు. పనోళ్ల మిషను అదేనని నా నిశ్చితాభిప్రాయం.

ఇక దాని ప్రతాపం విను. తొమ్మిదిన్నరకు వంటింట్లో అల్మారాలు లేవు, తలుపులు లేవు, గోడలు కూడా సరిగ్గా లేవు. పదికల్లా అన్నీ అయిపోయి, ఇంటావిడ కంట తడి పెట్టుకుంది. అరగంట, మామా. అందులోనూ రెండుసార్లు షాంపూ ప్రకటనలు.

మిషను పసుపు రంగు, చీపురుకట్ట కంటే పొట్టి. పేరు మాత్రం దొరకలేదు. సరిగ్గా పేరు ఉండాల్సిన చోట నల్లటేపు అంటించి ఉంది. గడ్డపాయన మిషన్లన్నిటికీ అంతే.

ఇట్లు,
మీ మేనల్లుడూ, ఆస్థాన దూరదర్శకుడూ అయిన
లోహిత్

తా.క.: ఆయనకు పెండ్లయింది. వేలికి ఉంగరం ఉంది. అమ్మ కూడా కాసేపు చూసి, చేతులకు రంపపుపొట్టు పెట్టుకుని ఫ్రిజ్జు తెరిచాడని ఆయన్ను తిట్టి లోపలికి పోయింది.

———

కుప్పం,
15-2-2001.

సూడగానే సంగతి పట్టేసే అల్లునికి మామ దీవెనలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినా. నువ్వు బీయస్సీ సదివినా నల్లటేపు సంగతి నీకు అర్థం కాలా. నాకు ఒక్క సూపుకే అర్థమైంది. అది దిష్టికప్పా. ఊరంతా సూస్తాంటే పని చేసేటప్పుడు మిషనుకు దిష్టి తగలకుండా నలుపు పెట్టినారు. మనం బిడ్డకు బుగ్గన పెడతామే, అట్ల. యజమాని మిషనుకు యాల లేదంటావా? దానికి దిష్టి తగిలేంత పనితనం యాడుండాది? దేశమేదైనా మేస్త్రీ మేస్త్రీనే అని నాకు శానా సంతోషమయింది. మా నాయన బాడిసకూ, నా ఉలులకూ, రంపాలకూ అన్నిటికీ నల్లటేపు సుట్టినా. మీ అత్త కొత్త మిక్సీకి కూడా సుట్టింది.

అరగంట సంగతి ఇంకా మేలు. నేను తొందరపడే మనిషిని కాదు. మనకు కాఫీలు ఉండాయి, బీడీలు ఉండాయి, కరెంటు పోతాది. అన్నీ పోను తలుపుకు మూడు గంటలు వేసుకున్నా, మూడు రోజులు. భద్రంగా ఉండాలని సుబ్బరాయుడికి వారం అని చెప్పినా. ఆయనకు అయ్యవారు రెండు ముహూర్తాలు పెట్టిచ్చినాడంట, మార్చి ఎనిమిది ఒకటి, మే నెలలో ఒకటి. చేతిపనికైతే మే అనుకున్నాడు. మిషను కదా అని మార్చి ఎనిమిదే ఖాయం చేసి కార్డులు అచ్చుకిచ్చినాడు.

ఇట్లు,
శంకరప్ప

ఇంకో మాట: షాంపూ ప్రకటన వచ్చేటప్పుడు మేస్త్రీ పని ఆపతాడా, చేస్తానే ఉంటాడా? అది కూడా లెక్కలోకి తీసుకోవాల.

———

మదనపల్లె,
18-2-2001.

మామా,

బిరుదులు రాసే తీరిక లేదు, క్షమించు. కొంప మునిగింది.

అరగంట నిజం కాదు. మూడు నాలుగు వారాలు తీసిందంతా కత్తిరించి, అతికించి అరగంట చేసి చూపిస్తారు. పెండ్లి క్యాసెట్టులో తాళి కట్టిన రెండో నిమిషానికి అప్పగింతలు వచ్చేస్తాయే, అట్లా. నీకు కొంచెం రంజుగా రాద్దామని నేనే విషయం మింగేశాను. ఈ పొద్దున మళ్లీ చూశాను. మొదట్లో మేస్త్రీకి గడ్డం పొట్టిగా ఉంది, చివర్లో బారెడు ఉంది. అరగంటలో గడ్డం అంత పెరగదని బీయస్సీ చదివినవాడిగా హామీ ఇస్తున్నాను.

నల్లటేపు దిష్టికి కాదు. ఆ కంపెనీ వాళ్లు ప్రోగ్రాముకు డబ్బు కట్టలేదు. కట్టనివాళ్ల పేరు ఊరికే ఎందుకు చూపించాలని టేపు వేశారు. అంతే.

సుబ్బరాయుడు గారిని వెంటనే కలిసి మే ముహూర్తానికి మార్పించు.

లోహిత్

తా.క.: అత్త మిక్సీకి చుట్టిన టేపు గాలి రంధ్రాల మీద ఉంటే తీసేయండి. అది మాత్రం సైన్సే.

———

కుప్పం,
19-2-2001.

అల్లునికి దీవెనలు. నీ జవాబు ఇంకా రాలా. అయినా ఆగలేక రాస్తాండా.

నిన్న బెంగుళూరు పోయొచ్చినా. అంగడాయన బల్ల మీద ఇరవై మిషన్లు పరిచి, ఒక్కోదాని మింద కంపెనీ పేరు వేలు పెట్టి చూపిస్తాడు. పేరు కనపడేవి నాకు వద్దప్పా, నల్లటేపు ఉండేది తియ్యి అన్నా. ఆయన నన్ను కిందికీ మీదికీ సూసినాడు. అట్లాంటిది మాకాడ లేదు పెద్దాయనా అంటాడు. సూడప్పా, నన్ను పల్లెటూరోడనుకోవద్దు, పనోళ్లు వాడేది యాదో నాకు మదనపల్లె నుంచి రిపోర్టు వచ్చిండాది అన్నా. అప్పుడు నవ్వి, లోపలికి పోయి, బల్ల కిందుండే గోతం విప్పి ఒకటి తెచ్చినాడు. పసుపు రంగు. పిడికాడ రంగు పోయిండాది. వైరుకు కట్లు. నడిమిట్లో జానెడు నల్లటేపు.

నేను దానివైపు సూడకుండా చెయ్యి సాపి తీసుకున్నా. అంగడాయన దుడ్లు తీసుకోని, ఖాళీ గోతం మడిచినాడు.

ఇట్లు,
శంకరప్ప

ఇంకో మాట: ఇంత మంచి సరుకు గోతంలో యాల దాచినావంటే, అందరికీ చూపించేది కాదు పెద్దాయనా అన్నాడు. నమ్మకస్తుడు.

———

మదనపల్లె,
24-2-2001.

మామా,

దయచేసి ఆ టేపు ఊడదీసి దాని కింద ఏముందో చూడు. నాకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. వేరుశనక్కాయలు కూడా.

నీ పేరు పోతే అది నా వల్లే. నేను పుంగనూరు వస్తాను. సుబ్బరాయుడు గారి ముందు నిలబడి, తప్పు నాదనీ, మా మామది కాదనీ చెప్తాను. తిట్టాలంటే నన్ను తిట్టమంటాను. గురువారం బస్సుకు బయలుదేరమంటావా, రాయి.

లోహిత్

తా.క.: నిన్న ఆదివారం కాకపోయినా అమ్మ టీవీ మీద గుడ్డ కప్పేసింది.

———

(కార్డు)

కుప్పం, 27-2-2001.

టేపు తీసినా. కింద పగులు. నువ్వు రావద్దు. నోరు మూసుకోనుండు.
శంకరప్ప.
మిక్సీ బాగుండాది.

———

కుప్పం,
12-3-2001.

భయపడి సన్నబడినావని మా అక్క రాసింది. తిని, తర్వాత చదువు. మామ దీవెనలు.

ఆ మిషను కొయ్య మీద పెడితే ఆవు మేసినట్టు యాడపడితే ఆడ కొరుకుతాది. ఒక టేకు పలక దానికి బలి. మే నెలకు మార్చమని అడుగుదామంటే కార్డులు పంచేసినారు. మిషను చెడిందంటే మరుక్షణం జయచంద్ర. అప్పుడేం చేసినానంటే, మా నాయన కాడ పని నేర్చుకున్న ముసలోళ్లు ముగ్గురుండారు, పని లేక ఇంట్లోనే కూర్చోనుండారు. నీకు కార్డు రాసేదానికి వారం ముందరే వాళ్లను పిల్చుకొచ్చినా. నలుగురం పెరట్లో కూర్చోని పదైదు దినాలు చేత్తోనే చిత్రిక పట్టినాము. అంత పని నేను ముప్పై ఏండ్లలో చెయ్యలా.

సుబ్బరాయుడు నాలుగు రోజులకొకసారి కారులో వస్తాండె. కారు శబ్దం వినపడగానే తడిక వెనక మీ అత్త మిషను ఆన్ చేసి తుమ్మమొద్దు మీద పెడతాది. ఊరంతా మోత. దుమ్ము కంట్లో పడతాదన్నా, తడిక అవతలే ఉండు అంటే, ఆయన ఆడనే నిలబడి తృప్తిగా ఆ మోత విని పోయేవాడు.

ఒక రోజు కరెంటు లేనప్పుడు వచ్చినాడు. పట్టుబడిపోతిమి అనుకున్నా. మేం నలుగురం చేత్తో తోస్తా, చెమటలు కారస్తా ఉండాము. కాసేపు సూసి, "పాపం, మిషను లేకుంటే ఎంత కష్టమో చూడు" అని మా నలుగురికీ సోడాలు తెప్పించినాడు.

ఎనిమిదో తేదీ గృహప్రవేశం. తలవాకిలి తలుపు మీద సుబ్బరాయుడు చెయ్యి అట్ల నిమిరి, వచ్చిన వాళ్లందరికీ చెప్తాండాడు, "ఒక్క అల కూడా లేదు సూడండి. చేతిపనికి ఈ నునుపు వస్తాదా?" మా ముసలోళ్లు ముగ్గురూ పంతిలో పాయసం తాగతా తలకాయలు ఊపినారు.

జయచంద్ర కూడా వచ్చినాడు. అందరూ పోయినాక ఒక్కడే తలుపుకాడ వంగి, కన్ను ఆనించి, వెలుతురుకు అడ్డంగా సూసినాడు. తర్వాత నన్ను పక్కకు పిల్చి, "అన్నా, నా మిషన్లు నాలుగుండాయి, దేనికీ ఈ ఫినిషింగు రాదు. నీది ఏ మిషనో చెప్పు, నీ వ్యాపారానికి అడ్డం రాను" అన్నాడు. మనిషి మంచోడే. నాకేం తెలుసప్పా, మదనపల్లెలో మా అల్లుడుండాడు, వాడు టీవీలో సూసి చెప్పినాడు అన్నా.

వచ్చే ఆదివారం తొమ్మిదికల్లా మీ ఇంటికి వస్తాడు, నీ పక్కన కూర్చోని ప్రోగ్రాం సూసేదానికి. టీవీ మీద గుడ్డ తియ్యమని మా అక్కకు చెప్పు. కాఫీ ఇప్పించు. ఆయన ఏది సూపించి ఇదేనా అని అడిగినా, కొంచెం ఆలోచించి, ఇదైతే కాదు అని చెప్పు. అబద్ధం కూడా కాదు.

ఇట్లు,
మీ మామ
శంకరప్ప

ఇంకో మాట: సుబ్బరాయుడి వియ్యంకుడు తంబళ్లపల్లె ఇంటికి పన్నెండు తలుపులు ఆర్డరిచ్చినాడు. ఒకటే షరతు పెట్టినాడు, తడిక వెనక మిషను నడిపిన మేస్త్రీని మాత్రం మార్చకూడదంట. మీ అత్త ఆలోచించి చెప్తానంటాండాది.