ఏడో ఫారం

బైండింగు మేస్త్రిగారికి నమస్కారం.

సోమవారం మీకు వీపు విరిగిన నవల ఇచ్చిన వార్డు నర్సుని. మీ కొట్టు తీసే వేళకి నేను డ్యూటీలో ఉంటాను, అందుకే ఈ ఉత్తరం తలుపు కింద నుంచి తోస్తున్నాను. పుస్తకం నాది కాదు, మా బావది. ఆయన బంధువులందరికీ పుస్తకాలిస్తాడు. ఆదివారం భోజనాల బల్ల దగ్గర "ఇప్పుడేం చదువుతున్నారు?" అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. చదివానంటే సరిపోదు, చివరికి ఏమైందో చెప్పమంటాడు. పోయినసారి నేను తెల్లమొహం వేశాను, అక్క పిల్లలు కూడా నవ్వారు. ఈసారి చెప్పలేకపోతే ఆ బల్ల దగ్గర నా పరువు గోవిందా. చూస్తే ఇంకా తొంభయ్యో పేజీలోనే ఉన్నాను. పుస్తకం మీద నిద్రపోయి అటే దొర్లాను. శుక్రవారానికల్లా ఇప్పించండి.

ఇట్లు,
కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న నర్సు.

తా.క. విరిగిన సంగతి బావకి తెలియకూడదు.

నర్సమ్మగారికి, జిగురు చేతులతోనే నమస్కారం.

కుట్లన్నీ విప్పేశాను. పదహారు పేజీల కట్టని మా పనిలో ఫారం అంటాం. మీ నవల పదమూడు ఫారాలు తేలింది. వరండాలో పరిచానో లేదో మా అత్తగారు ఒకటి తీశారు. ఇంకోటి మా ఆవిడ తీసింది. మరోటి మా తమ్ముడు. కుట్టని పుస్తకంలో ఉన్న సుఖమే వేరమ్మా, ఇంటిల్లిపాదీ ఒకేసారి చదవొచ్చు. నిన్నటి కూర మాడింది, ఎవరూ పట్టించుకోలేదు. శుక్రవారం మాత్రం కష్టం.

ఇట్లు,
మూడో ఫారంలో ఉన్న మేస్త్రి.

తా.క. మీ ఆత్రం చూస్తే జాలేసింది. అత్తగారు ఏ పుస్తకమైనా చివరి నుంచే మొదలుపెడతారు. హంతకుడు తోటమాలి. ఇక నిశ్చింతగా ఉండండి.

మేస్త్రిగారూ!

నమస్కారం పెట్టే ఓపిక లేదు. హంతకుడెవరో నేనడిగానా? అసలు అందులో హత్య ఉందనే నాకు తెలీదు! తొంభై పేజీల దాకా అది ప్రేమకథ. ఇవాళ ఇంజెక్షను చేస్తూ చేస్తూ ఒక పెద్దాయన్ని "మీ ఇంట్లో తోటమాలి ఉన్నాడా?" అని అడిగాను. ఆయన కంగారుపడి పెద్ద డాక్టరుకి చెప్పాడు. నా మనసు మనసులో లేదు. మీ ఇంటిల్లిపాదీ చదివి తరించే దాకా నేను ఆగలేను. కనీసం ఆరు, ఏడు ఫారాలు పంపండి.

ఇట్లు,
మీ మీద మండిపడుతున్న నర్సు.

తా.క. ఇంతకీ తోటమాలి ఎందుకు చంపాడు?

నర్సమ్మగారికి, తప్పు ఒప్పుకుంటూ నమస్కారం.

ఎందుకు చంపాడన్నదాని మీదే ఇంట్లో గొడవ. ప్రేమ కోసమని మా ఆవిడ, పొగరెక్కి చంపాడని అత్తగారు. రెండు రోజులుగా తల్లీకూతుళ్లకి మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఆరో ఫారం ఈ ఉత్తరంతో పాటు మీ గేటుకి తగిలిస్తున్నాను. ఏడోది మా తమ్ముడు వదలడం లేదు, రేపు లాక్కుని ఇస్తాను.

ఇట్లు,
ఎవరి పక్షమూ పట్టలేని మేస్త్రి.

తా.క. ఏడోది ఆలస్యమైందంటే తప్పు మాది కాదు. ఇది పాతకాలం పుస్తకం, మడత పెట్టిన కాగితాల అంచులు కోసుకుంటూ చదవాలి, లేకపోతే పేజీ తెరుచుకోదు. ఏడో ఫారం నుంచి ఆఖరి దాకా అంచులు అంటుకునే ఉన్నాయి. అత్తగారు కూరగాయల కత్తితో కోసేసరికి ఒక పూట పట్టింది.

మేస్త్రిగారికి వెయ్యి నమస్కారాలు.

అంటుకునే ఉన్నాయా? బావ నాలుగుసార్లు చదివానన్నాడు! ఏ దారిన చదివాడు? ఇన్నేళ్లూ మమ్మల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి నీళ్లు నమిలించాడు. ఆదివారం నా వంతు రానివ్వండి. అడిగేది నేను, తెల్లమొహం వేసేది ఆయన. అది చూస్తే గానీ నా కడుపుమంట చల్లారదు. విరిగిన సంగతి తెలిసినా ఫరవాలేదు.

ఇట్లు,
ఆదివారం ఎప్పుడొస్తుందా అని గంటలు లెక్కపెడుతున్న నర్సు.

తా.క. ఆరోది చదివేశాను, దీనితో పాటు తిరిగి పంపుతున్నాను, మిగతావాటితో కలపండి. కానీ కుట్టకండి. విడి ఫారాలే ఇవ్వండి, కొత్తగా కోసిన ఆ అంచులు నాకు సాక్ష్యం కావాలి.

నర్సమ్మగారికి, కాస్త భయపడుతూ నమస్కారం.

ఇవాళ మీ బావగారు మా కొట్టుకి వచ్చారు, ఇంకో పుస్తకం అట్ట వేయించుకుందామని. వరండాలో తన నవల ముక్కలు చూసి గుర్తుపట్టారు. నేను నోరు జారి అంచుల మాట అనేశాను. ఆయన బెంచీ మీద కూలబడ్డారు. సగం దగ్గరికి వచ్చేసరికి ఆయనకి కుదురుండదట, ఇంకో పుస్తకం చేతిలోకి వచ్చేస్తుందట. వదిలేసిన వాళ్లు ఏమైపోయారోనని మళ్లీ మనసు పీకుతుందట. అందుకే అందరికీ పంచి చదివిస్తారట. ఆదివారం మిమ్మల్ని అడిగేది పరీక్ష కాదటమ్మా, నిజంగానే తెలియక అడుగుతారట. పోయినసారి మీరు చెప్పకపోయేసరికి వారం రోజులు స్థిమితం లేదన్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నారు. అందుకని మీకొక్కరికే రాస్తున్నాను.

మీ మాట వినకుండా పుస్తకం కుట్టేసి దీనితో పాటు పంపుతున్నాను, తిట్టుకోండి.

ఇట్లు,
మీ మేస్త్రి.

తా.క. పాపం కదా అని మా అత్తగారు ముగింపు చెప్పబోయారు. ఆయన రెండు చెవులూ గట్టిగా మూసుకుని, "వద్దమ్మా, మా మరదలు చదువుతోంది, అది చెబుతుంది" అన్నారు.