గోబిగడ్డ సాక్ష్యం

కోరుట్ల,
14 మే 1988

చి.సౌ. నీలకు,

నీ విఠల్ దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మన స్టూడియో క్షేమం. సిరిసిల్లలో మీ అమ్మ రాధమ్మ అత్తయ్య, నువ్వు, నీ కోపం కూడా క్షేమమని తలుస్తాను.

పెళ్లి ఫొటోలు మానేసి గంపల అల్లికలూ, కోసిన ఉల్లిగడ్డలూ, ఎండిన చెరువులో నెర్రెలూ తీస్తున్నానని నువ్వు పుట్టింటికి పోయి నెలైంది. కూరకు తెచ్చిన గోబిగడ్డను నిలువునా కోసి లోపలి ఆకుల మడతల్ని ఫొటో తీయడం నా తప్పే. అది వాడిపోయేదాకా నిన్ను ముట్టనియ్యకపోవడం ఇంకా పెద్ద తప్పు.

పోయిన వారం బుధవారం ఆ ఫొటోలన్నీ సంచిలో వేసుకొని నీ దగ్గరికే బయలుదేరాను. చూస్తే నీ మనసు మెత్తబడుతుందని ఆశ. జగిత్యాల బస్టాండులో పోలీసులు సంచి తెరిచారు. ఎస్సై నెర్రెల ఫొటో పట్టుకొని, ఇది సారంగాపూర్ అడవిలో నక్సలైట్ల దారుల నక్షా కదా అన్నాడు. చెరువు మట్టి అన్నాను. గోబిగడ్డ ఫొటో చూపించి, ఈ గుట్ట ఎక్కడుందో చెప్పమన్నాడు.

స్టేషన్‌కు తీసుకుపోయారు. నీలా, అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈ రోజుల్లో లోపలికి పోయినవాళ్లు తిరిగి వస్తారో రారో ఎవరు చెప్పగలరు? నీతో ఆఖరుసారి మాట్లాడింది కూర గురించేనా అని ఏడుపొచ్చింది.

చివరికి ఎస్సై, సామేలు అనే కానిస్టేబుల్‌తో ఒక గోబిగడ్డ తెప్పించి, కోసి, ఫొటో పక్కన పెట్టి చూశాడు. గీతలు కలవలేదు.

"అబద్ధాలు చెప్తున్నవు. గిది వేరే ఉన్నది," అన్నాడు.

ఏ రెండు గడ్డలూ ఒక్క తీరుగా ఉండవనీ, అందుకే ఫొటో తీస్తాననీ చెప్పాను. ఇంకొకటి తెచ్చారు. తర్వాత ఇంకొకటి. ఐదోదాన్ని ఎస్సై కళ్లద్దాలు తుడుచుకొని మరీ చూశాడు. ఆ పూట స్టేషనంతటికీ గోబిగడ్డ కూరే. నాకూ పెట్టారు. ఉప్పెక్కువైంది. గడ్డల సాక్ష్యం చాలని మర్నాడు వదిలేశారు.

బుద్ధొచ్చింది. వచ్చే వారం మెట్‌పల్లిలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. నువ్వు రా.

ఇట్లు,
గోబిగడ్డ జోలికి ఇక పోని,
నీ విఠల్

తా.క.: చెప్పనని వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టి నిజం రాస్తున్నాను. ఎస్సై ఐదో గడ్డను కూడా నమ్మలేదు. నన్ను విడిపించింది మీ బాపు. ఆయన మీతో చెప్పినట్టు ఎల్లారెడ్డిపేటలో చుట్టాల ఇంట్లో లేడు. ఫొటోల గురించి నన్ను పట్టుకుపోవడం చూసిన బస్సు కండక్టరు చెప్పగానే జగిత్యాల వచ్చాడు. అల్లుడు పనికిరానివాడని ఊరంతా చెప్పే మామ, ఎస్సై బల్ల మీద ఒక చీర కొంగు పరిచాడు. నేను ఉగాదికి మీ ఇంట్లో మరిచిపోయిన నెర్రెల ఫొటో చూసి, ఎవరికీ చెప్పకుండా ఆ గీతల్నే మగ్గం మీద నేశాడట.

"సార్, గిది నక్షా అయితే నన్ను గూడ లోపలెయ్యి. నేసింది నేనే," అన్నాడు.

ఎస్సై కొంగును చాలాసేపు చూసి, తన భార్యకూ అట్లాంటిది నేసిస్తాడా అని అడిగాడు.

నీకు చెప్తే ఊరుకోనని మామ బెదిరించాడు. అయినా రాయక తప్పడం లేదు. నాతో కోరుట్ల వచ్చి వారం దాటింది, మామ ఇక్కణ్ణుంచి కదలడు. కెమెరా మెడలో వేసుకొని, గొర్ల మంద అడుగుల గుర్తులు తీస్తానని ఎండలో మంద వెంట తిరుగుతున్నాడు. పెళ్లికి తెచ్చిన రీళ్లు మూడూ అయిపోయాయి. నా కోసం కాకపోయినా, మీ బాపును ఆపడానికైనా వెంటనే రా.