సేనాపతి మౌనం

చిరంజీవి మా అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ ఆయనా క్షేమం. నువ్వు కూడా అక్కడ వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ, కొత్త ఆఫీసులో ఎవరితోనూ పోట్లాడకుండా ఉన్నావని తలుస్తాను. ఆ చివరిది జరిగే పని కాదని తెలుసు. అయినా కన్నవాణ్ణి కనుక తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా కంటి కట్టు నిన్న విప్పారు. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమంది, చెప్పాను. మెచ్చుకుని చేతికి అద్దం ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మసకలో నేనింకా అందగాణ్ణే అనుకుంటూ బతికాను తల్లీ, ఈ ఆపరేషన్ చేయించుకోకుండా ఉండాల్సింది. వంటింట్లో కుళాయి కారడం ఆగింది, మీ ఆయనే బాగుచేశాడు. కిటికీ పక్కన నీ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు, ఉతికిన బట్టలు తప్ప. మందులు వేళకు వేసుకుంటున్నానా అని అడిగావు. నేను మర్చిపోయినా మీ ఆయన గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడతాడు, మింగేదాకా కదలడు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ఆ మనిషి నీ వేషం లాక్కున్నాడా లేదా? ఒక్క మాటలో రాయి. లాక్కుని ఉంటే నేనిక ఆ ఇంటికి రాను, ఇక్కడే ఉండిపోతానని నెలాఖరుకి ఆఫీసులో చెప్పేస్తాను" అన్నావు. ఒక్క మాటలో చెప్పే ధైర్యమే ఉంటే నేను నటుణ్ణి ఎందుకవుతాను? కాస్త చుట్టూ తిరిగి వస్తాను, ఓపిక పట్టు.

నీ ఉత్తరం వచ్చేసరికి నా కంటికి ఇంకా కట్టు ఉంది. మీ ఆయనే మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చాడు. దాటెయ్యొచ్చు, నాకు కనపడదు కదా. దాటెయ్యలేదు. అదే గొంతుతో, తడబడకుండా, "ఆ మనిషి" అని నువ్వు రాసిన చోట "ఆ మనిషి" అనే చదివాడు. తర్వాత, "ఏం రాయమంటారు మావయ్యా?" అని అడిగాడు.

"కట్టు విప్పాక నేనే రాస్తాలే" అన్నాను.

"సరే" అని ఉత్తరం మడిచి నా దిండు కింద పెట్టి, పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. పాలేమీ పొంగలేదు. పొంగితే నాకు వాసన వచ్చేది.

జిగురత్త నీకు పూసగుచ్చినట్టు అన్నీ రాసే ఉంటుంది. మేకప్ గదిలో గడ్డాలు అంటించే మనిషికి నోటికి మాత్రం జిగురు అంటదు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, నటన నేర్పిన మామనే పక్కకి తోసి అల్లుడు సేనాపతి అయ్యాడని ఆవిడ రాసి ఉంటుంది. మన నాటక సమాజంలో అందరూ అనే మాట అదే. తప్పు ఆవిడది కాదు. చూసినవాళ్ళకి అలాగే కనబడింది.

మన నాటకం నీకు కొత్తది కాదు, తెర పక్కన ట్రంకు పెట్టె మీద పడుకుని చూస్తూ పెరిగావు. అయినా చెప్తాను, చెప్పిందే చెప్పడం ముసలితనపు హక్కు. చనిపోతున్న రాజు తన పసికందుని సేనాపతి చేతుల్లో పెడతాడు. పిల్లవాడు పెద్దయ్యేదాకా కాపలా కాస్తానని ప్రమాణం చేసిన సేనాపతి మెల్లగా సింహాసనానికి అలవాటు పడతాడు. అడ్డుచెప్పిన ప్రాణస్నేహితుణ్ణి రాజద్రోహి అని పట్టి తెస్తారు. నిండు సభలో రాణి అడుగుతుంది, ఇతడు ద్రోహియా అని. కాదని సేనాపతికి తెలుసు. ఆ ఒక్క మాట అంటే స్నేహితుడు బతుకుతాడు, కిరీటం పోతుంది. సేనాపతి నోరు విప్పడు. అక్కణ్ణించి అతని పతనం మొదలవుతుంది.

నా సగం జీవితం ఆ వేషంలోనే గడిచింది. ఆ మౌనానికే జనం నాకు చప్పట్లు కొట్టారు. సంకెళ్ళతో నా కాళ్ళ దగ్గర కూలబడే స్నేహితుడి వేషం మీ ఆయనది.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం, ఆ మౌనం తర్వాత నేను చెప్పాల్సిన మాట నాకు రాలేదు. మర్చిపోవడం అంటే తడుముకోవడం కాదమ్మా. అక్కడ ఒక మాట ఉండేదన్న సంగతే లేదు. ఎదురుగా దీపాలు, ఎవరో ఒకావిడ రాణిలా నిలబడి ఉంది, నేనెవరినో నాకు తెలియదు. జనం మాత్రం ఇంత గొప్ప మౌనం ఎప్పుడూ చూడలేదని ఊపిరి బిగబట్టారు. అప్పుడు కాళ్ళ దగ్గర్నించి మీ ఆయన, ఏడుస్తున్నట్టు తల వంచి, మాట అందించాడు. నేను అన్నాను. హాలు హాలంతా లేచి నిలబడింది.

ఆ రోజు ఇంటికి వస్తూ అతని చేయి పట్టుకుని, "అబ్బాయీ, ఎవరికీ చెప్పకు. అమ్మాయికి అసలు చెప్పకు" అన్నాను. చెప్పనని మాటిచ్చాడు. ఆ తర్వాత అది మామూలైపోయింది. నేను ఆగినప్పుడల్లా, "నీ మనసులో మాట ఇదే కదా సేనాపతీ" అంటూ నా మాటలు తనే చెప్పి ఘట్టాన్ని ఒడ్డున పడేసేవాడు. తెర పక్కన నిలబడి చూసేవాళ్ళకి మాత్రం, చిన్నవాడు పెద్దవాడి మాటలు మింగేస్తున్నట్టు కనబడేది.

చివరికి మేనేజరు రిహార్సల్లో అందరి ముందూ అడిగాడు: "పెద్దాయనా, అల్లుడు మీ మాటలు తొక్కేస్తున్నాడంటున్నారు. నిజమేనా?"

అందరూ నా వైపు చూశారు. మీ ఆయనా చూశాడు. "కాదు, నాకే మతి తప్పుతోంది" అంటే సరిపోయేది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు విప్పలేదమ్మా.

కాసేపు చూసి మీ ఆయనే అన్నాడు: "అవును సార్. ఆ వేషం నాకు కావాలి. మావయ్యకి వయసైపోయింది."

ఇదీ నువ్వడిగినదానికి జవాబు. అతను లాక్కోలేదు. నేను పారేసుకున్నదాన్ని ఎత్తుకుని, దొంగ అనే పేరు కూడా తనే పెట్టుకున్నాడు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. పరామర్శకి జనం వచ్చారు. "మీలాంటి మహానటుడికి ఇంత మోసమా" అన్నారు. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. వేషం పోతే పోయింది, మతిపోయిన ముసలాడని అనిపించుకోకుండా మోసపోయిన మహానటుడిగా మిగిలాను కదా అనుకున్నాను. ఆ మాట కోసం నీ కాపురం కూలిపోతున్నా చూస్తూ ఊరుకున్నాను. అంతకాలం ఆ వేషం వేసి కూడా, అంత మంచివాడైన సేనాపతి ఒక్క మాట ఎందుకు అనలేకపోయాడని నాలో నేను వాదించుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు సందేహం లేదు.

ఇవాళ మధ్యాహ్నం హాలుకి వెళ్ళాను. రిహార్సల్ ఆపించి, అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి మాటలు ఎవరూ అందించలేదు, వాటంతట అవే వచ్చాయి. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. జిగురత్త మాత్రం బావురుమంది. ఎందుకనుకున్నావు? నా మీద అభిమానంతో ఇన్నాళ్ళూ మీ ఆయన గడ్డానికి కావాలని రెండింతల జిగురు రాస్తోందట. పీకినప్పుడల్లా చర్మం ఊడొస్తున్నా పల్లెత్తు మాట అనలేదట అతను. వెన్న డబ్బా పట్టుకుని అతని వెంట పడింది. చూడాల్సిన దృశ్యం.

మీ ఆయన దారంతా నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఇంటి గుమ్మంలో ఆగి, "ఎందుకు చెప్పారు మావయ్యా? జనం మిమ్మల్ని సేనాపతిగానే గుర్తుపెట్టుకునేవాళ్ళు కదా" అన్నాడు. నా మీద అతనికి కోపం రావడం అదే మొదటిసారి. ఇప్పుడు పక్క గదిలో నా చొక్కా గుండీ కుడుతున్నాడు. నిన్ను రమ్మని రాయమని అడగలేదు. అడిగే మనిషి కాడు. నేనే అడుగుతున్నాను, వచ్చెయ్యి తల్లీ.

ఇంకొక్క సంగతి. నా మతిమరుపు తగ్గేది కాదని, పెరిగేదేనని మెదడు డాక్టరు చెప్పాడు. ఈ ఉత్తరం రాసిన సంగతి రేపు నాకు గుర్తుండకపోవచ్చు. ఏదో ఒక రోజు నేనే నీ చేయి పట్టుకుని, "మీ ఆయన నా వేషం లాక్కున్నాడమ్మా" అని ఏడవొచ్చు. మంచి నటుణ్ణి, నీకు నిజమనిపించేలా ఏడుస్తాను. అప్పుడు నన్ను ఓదార్చు, అన్నం పెట్టు, కానీ నమ్మకు. ఈ ఉత్తరాన్ని నమ్ము.

ఇట్లు,
ఇవాళ్టికి అన్నీ గుర్తున్న
మీ నాన్న